చంకలో గాజుగొట్టం

అరవై ఎనిమిదో సంవత్సరం, వేసవి, గురువారం, ఉదయం తొమ్మిదింపావు. రాజాం బస్టాండులో విశాఖ బస్సు కదలడానికి పావుగంట ఉంది.

మా పిల్లకి మెదడు జ్వరం. డాక్టరుగారు దాని వెన్నులోంచి తీసిన నీరు గాజుగొట్టంలో పోసి, విశాఖలోని పెద్ద లేబరేటరీకి పంపమన్నారు. ఆసుపత్రి కాంపౌండరు ఆ గొట్టం నా చేతికిచ్చి, పార్సెలు చీటీ రాయించడానికి వెళ్లాడు. ఎండకి పాడవుతుందని నేను సోడాకొట్టులో ఐసుగడ్డ అడిగి, దానిమీద పెట్టాను.

ఆయన వస్తూనే కేకేశాడు. "ఒరే, ఏటి సేసినావు?"

"సేపలాగ సల్లగా ఉంటాదని బాబూ."

"సలికి ఆ నీటిలో జబ్బు పురుగు సచ్చిపోతాదిరా!"

"సస్తే మంచిదే కదా?"

"గొట్టంలో సస్తే పిల్ల ఒంట్లో సావదురా! బతికుంటేనే అక్కడ పెంచి, ఏ మందుకి లొంగుతాదో సెప్తారు."

గొట్టం తుడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే మోసేవాడట. డ్రైవరుకి ఇవ్వాల్సినదాన్ని వదలకుండా తనే బస్సెక్కాడు.

"ఏటి బావా, గుడ్డు పొదుగుతన్నావా?" అన్నాడు డ్రైవరు.

"పొదుగుతన్నాను. బేగి పోనీ."

గొట్టం మీది చీటీలో ‘ఐసులో పెట్టవద్దు’ అని తెలుగులోనే ఉందట. నాకప్పుడు అక్షరం రాదు. ఆ సిగ్గుతోనే నలభై దాటాక పలక పట్టాను. ఆ బస్సు వెళ్లిన మూడో నాడు విశాఖ నుంచి కబురొచ్చింది. డాక్టరుగారు మందు మార్చారు.

ఆ రోజు బస్టాండులో ఉన్నది నేను, సోడాకొట్టు సూరమ్మ, డ్రైవరు సింహాచలం, ఆ కాంపౌండరు. ఆసుపత్రిలో మా ఆవిడ ఎర్రమ్మ, మంచం మీద మా పైడితల్లి. ఇది రాస్తుంటే పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నది ఆ పైడితల్లే.