ఎర్త్ చెయ్యమని చెప్పిన శనివారం

1979 జూన్‌లో కుప్పం నుంచి బదిలీ అయి మదనపల్లెలోని ఒక శిక్షణ సంస్థలో జూనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. నాది రేడియో మెకానిక్ ట్రేడు. ఆంప్లిఫయరు సొంతంగా కట్టుకోవాలని ఉబలాటపడేవాళ్లు శనివారాల్లో వర్క్‌షాపుకు వచ్చి సందేహాలు అడిగేవారు. చెప్పడం ఇష్టమే గానీ నాకు ఓపిక తక్కువ. అడిగిందే అడిగితే ముఖం చిట్లించేవాణ్ని.

వాళ్లలో పుంగనూరు దగ్గరి పల్లె రైతు రెడ్డెప్ప ఒకడు. వాళ్ల అక్క సుబ్బమ్మ భజనల్లో పాడేది. ఆమె గొంతు ఊరంతా వినపడాలని ఆంప్లిఫయరు కట్టాడు. మరుసటి వేసవిలో ఒక శనివారం సాయంత్రం ఆమె తొలిసారి మైకు పట్టుకోవాలి. ఆ పొద్దున రెడ్డెప్ప ప్రశ్నల కాగితంతో దిగాడు. నాలుగు ఓముల స్పీకరుకు బదులు ఎనిమిది ఓములది పెట్టొచ్చా, ట్రాన్సిస్టరు వేడి లాగే రేకు ఎంత ఉండాల, గుయ్యిమనే శబ్దం యాడినుంచి వస్తాంది. అన్నిటికీ చెప్పాను. చివర్లో, "ఆంప్లిఫయరు పెట్టె తాకితే సేతికి సీమలు పాకినట్టుండాది సార్, యాల?" అన్నాడు.

"కరెంటు లీకేజీ. పెట్టెకు తీగ కట్టి భూమికి ఎర్త్ చెయ్యప్పా" అన్నాను. ఇంకేదో అడగబోయాడు. నేను గడియారం చూశాను. లేచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం టీ తాగుతూ గ్లాసు మధ్యలోనే కింద పెట్టేశాను. తమ ఇంటికి లైను నుంచి ఒకే తీగ వస్తుందని రెడ్డెప్ప ఎప్పుడో చెప్పాడు. ఆ పల్లెల్లో అది మామూలే. రెండో తీగను పెరట్లో పాతిన ఇనుప కడ్డీకి కట్టి దీపాలు వెలిగించుకునేవారు. మెట్ట నేల ఎండితే కరెంటు భూమిలోకి సరిగా దిగదు, బల్బు మందగిస్తుంది. అందుకే ఆడవాళ్లు రోజూ కడ్డీ మొదట్లో బిందెడు నీళ్లు పోసేవారు. నేల ఎండినప్పుడు బల్బు వెలుగుతుంటే ఆ తీగే షాక్ కొడుతుంది. రెడ్డెప్పకు తెలిసిన ఎర్త్ అదే. పెట్టెను దానికి కడితే పెట్టెకూ, మైకు ఇనుప పిడికీ కరెంటు వస్తుంది. ఆ పిడిని పట్టుకునేది సుబ్బమ్మ.

గ్రూప్ ఇన్‌స్ట్రక్టర్‌కు పర్మిషన్ చీటీ రాసిచ్చి పుంగనూరు బస్సెక్కాను. దారిపొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కడినుంచి పల్లెకు బాడుగ సైకిలు తొక్కాను.

రెడ్డెప్ప అరుగు మీద పెట్టె ముందర కూర్చుని ఉన్నాడు. ఎర్త్ తీగ ఇంకా కట్టలేదు.

"కరెంటు బుడ్డి ఎలిగితే ఆ తీగ కూడా కొడతాది సార్. దానికే కట్టల్లా అని అడగాలనుకున్న్యా. మీరు ఇసుక్కుంటారని వచ్చేసినా" అన్నాడు.

బల్బు వేసి ఆ తీగకు టెస్టరు ఆనించాను. ఎర్రగా వెలిగింది. టెస్టరు జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. సుబ్బమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "ఎండకు వచ్చినావు, తాగప్పా" అంది. ఆమె చేతులు చూస్తూ తాగాను.

పెట్టెను ఇంటి కరెంటు నుంచి పూర్తిగా తప్పించి, ఊళ్లోని ఒక ట్రాక్టరు బ్యాటరీకి కలిపాం. సాయంత్రం ఆమె గంటసేపు పాడింది.

నేను చెప్పింది పుస్తకం ప్రకారం సరైనదే. అయినా ఆ మాట వినకపోవడం వల్లే ఒక మనిషి బతికింది. ఆ తర్వాత సర్వీసున్నంత కాలం, అడిగినవాడి ఇంట్లో కరెంటు ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో చెప్పించుకోకుండా జవాబివ్వలేదు.