లెక్కకు మించి వచ్చిన పిల్లలు

పోయిన వారం మా వీధి మున్సిపల్ బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉందని రెండో తరగతి చదివే మా మనవరాలు చీటీ తెచ్చింది. కొడుకూ కోడలూ ఇద్దరూ పొద్దున్నే పనికి పోయే మనుషులు గనుక ఆ చీటీ ఇల్లంతా తిరిగి చివరికి నా చేతికే వచ్చింది. పంచె మార్చుకుని పోయినాను. బడి చూస్తే కళ్ళు చెదిరినాయి. నేలకు నున్నటి బండలు, తలకో ఫ్యాను, గోడకు మంచమంత టీవీ, కొళాయి తిప్పితే నీళ్ళు. ఇన్ని ఉన్న ఆ గదిలో కూర్చున్న పిల్లలు మాత్రం పదిహేడు మంది. కాలేజీ పిల్ల మాదిరి కనబడే పంతులమ్మ ఒకామె ఒక్కొక్క పిల్ల మొగానికీ ఫోను చూపిస్తా ఉంది. అదేందమ్మా అంటే హాజరు తాతా, మొగం చూసి ఫోనే గుర్తు పడుతుంది, పేరు పిలిచే పని లేదు అనింది. తర్వాత మరుగుదొడ్ల ఫోటో, ఆ తర్వాత ఉడికించిన గుడ్ల ఫోటో తీసింది. ఇవన్నీ టయానికి పైకి పోకుంటే ఆమెకు మెమో వస్తుందంట. పాపం, పాఠం చెప్పమని మాత్రం ఆ ఫోను ఆమెను అడగదు.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పినారు. పై మూడు తరగతులను బైపాసు రోడ్డు అవతలి హైస్కూల్లో ఇదివరకే కలిపేసినారు కదా, ఈసారి లెక్క తీసేటప్పటికి పిల్లలు పెరగకపోతే మిగిలిన ఈ రెండు తరగతులు కూడా ఆడికే పోతాయంట. నాకు ఒళ్ళు మండింది. పిల్లోళ్ళు లేరని బడి ఎత్తేస్తాండారా, బడి ఎత్తేస్తారనే బెదురుతో పిల్లోళ్ళు రాకుండా పోతాండారా, ముందు అది తేల్చండి అని లేచి గట్టిగానే అడిగినాను. తాత బాగా మాట్లాడతాండాడే, బడి కమిటీకి ఈయన్నే చైర్మన్ను చేయండప్పా అని వెనక నుంచి ఎవరో నవ్వినారు. ఇంటికొచ్చినాక కోపం చల్లారింది గానీ మనసు మాత్రం ఆ బడి దగ్గరే, యాభై ఏళ్ళ వెనక్కి పోయి కూర్చుండిపోయింది.

నేను ఆ బడిలో చదువుకోలేదు. ఏ బడిలోనూ చదువుకోలేదు. మాది దువ్వూరు దిక్కు గొర్రెలు మేపుకునే కుటుంబం. వరసగా వానలు లేక మంద చేయి జారిపోయినప్పుడు మా నాయన నన్ను ప్రొద్దుటూరికి తోలుకొచ్చి, మా మేనమామను ఎరిగిన ఒక కౌన్సిలరు కాళ్ళా వేళ్ళా పడి, మగ్గాల వీధిలోని ఈ బడికి అటెండరుగా చేర్పించినాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. గొర్రెలను లెక్కబెట్టడం తప్ప వేరే లెక్క రాదు, అక్షరం అసలే రాదు. అయితే మంద కాసినవాడికి ఒక గుణం ఉంటుంది, నూరు గొర్రెల్లో ఏది మనది ఏది పరాయిదని మొగం చూసి చెప్పేస్తాడు. బడి పిల్లలను కూడా నేను అట్లే గుర్తు పెట్టుకున్నాను. ఎవరు రాలేదో అయ్యవారు పేర్లు పిలవకముందే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పంతులమ్మ చేతిలోని ఫోను చేసే పని అప్పుడు నేను చేసినాను, పేరు రాయడం దానికి వచ్చునేమో గానీ నాకు అప్పుడు రాదు, అంతే తేడా.

ఆ బడికి అయ్యవారు ఒక్కరే. జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు, సన్నగా, ఎండకు కమిలిన మొగంతో, ఎప్పుడూ ఒకే రకం తెల్ల చొక్కా. బడికి మాత్రం యజమానులు ఇద్దరు. కట్టడం మున్సిపాలిటీది, చదువు సంగతి చూసేది విద్యాశాఖ. వాన కురిస్తే పెంకులు కారుతున్నాయని ఈ ఆఫీసులో అర్జీ పెడితే ఆ ఆఫీసుకు పొమ్మనేవాళ్ళు, ఇంకో అయ్యవారిని ఇయ్యమని ఆ ఆఫీసులో అడిగితే ముందు గదులు చూపించమని ఈ ఆఫీసుకు తరిమేవాళ్ళు. ఆ కాగితాలు మోసి మోసి నా చెప్పులు అరిగినాయి గానీ పెంకులు మారలేదు. ఎవరిని తిట్టాలో తెలియక అప్పుడు నేను ఎండను తిట్టుకుంటా నడిచేవాణ్ణి. ఇప్పుడు పెత్తనమంతా ఒక చేతికే వచ్చిందంటున్నారు, మంచిదే.

ఒక రోజు పై నుంచి కబురొచ్చింది. పిల్లలు తక్కువున్న బడులను తీసేస్తారంట, ఫలానా పొద్దున తనిఖీ ఆఫీసరు వచ్చి తలలు లెక్కబెడతాడంట. రిజిస్టరులో నలభై చిల్లర పేర్లున్నాయి, అందరూ వస్తే బడి నిలబడుతుంది. అయ్యవారు తారీఖు చూసుకున్నారు గానీ వీధి సంగతి చూసుకోలేదు. ఆ పొద్దుననే వీధిలో పడుగు వేసినారు.

మగ్గాల వీధి ఎరగని వాళ్ళ కోసం చెప్తాను. నేతకు ముందు నిలువు పోగులన్నిటినీ వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండనిస్తారు, దాన్ని పడుగు అంటారు. గంజి ఆరేలోపు తెగిన పోగులన్నీ అతకాలి, లేకుంటే ఒకదానికొకటి అంటుకుని ఇంటిల్లిపాది కష్టం మట్టిలో కలుస్తుంది. దానికి చిన్న చేతులే బాగుంటాయి. అందుకని పడుగు వేసిన పూట బడికి పిల్లలు రారు. ఇంకో సంగతి, చాపిన పడుగును ఎవరూ దాటకూడదు. పెండ్లి ఊరేగింపైనా సరే, అది లేచేదాకా నిలబడవలసిందే.

ఆఫీసరు జీపు వీధి మొదట్లో ఆగిపోయింది. డ్రైవరు హారను కొట్టినాడు. పడుగు దువ్వే పెద్దాయన తల కూడా ఎత్తకుండా, ఏందప్పా ఆ మోత, పోగులు బెదురుతాయి, దిగి కూర్చోమను మీ సారును అన్నాడు. ఆఫీసరు కోస్తా మనిషి, ముందు ఎర్రగా చూసినా చేసేదేమీ లేక దిగినాడు. ఎవరో అరుగు మీద చాప వేసినారు, ఇంకెవరో తినడానికి బొరుగుల ఉగ్గాని తెచ్చి పెట్టినారు. ఇంకో అర్ధగంట పడుతుందని నాకు అర్థమైంది. బడిలో చూస్తే ఆరుగురు పిల్లలున్నారు.

నేను పరిగెత్తినాను. పడుగు దగ్గరున్న మా పిల్లలు అది లేస్తే వస్తారు, కానీ అందరూ వస్తారో రారో అనే బెదురుతో వెనక వీధులన్నీ తిరిగి, పిల్లోళ్ళను పంపండి, లేకుంటే బడి ఎత్తేస్తారంట అని గుమ్మం గుమ్మానికీ అరిచినాను. బడి పిల్లలను అని చెప్పవలసింది. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు.

పడుగు లేచి ఆఫీసరు బడికి వచ్చేసరికి గది నిండి వరండా నిండింది. చేతులకు గంజి ఆరి తెల్లగా ఉన్న మా పిల్లలు సరే, బీడీలు చుట్టే ఇండ్ల పిల్లలు, మేకలు తోలే పిల్లలు, దువ్వూరు నుంచి అవ్వ ఇంటికి చుట్టం చూపుగా వచ్చిన పిల్లోడు, ఫీజు కట్టే బడికి బూట్లేసుకుని పోయే షావుకారు కొడుకు, చంకలో పసిదానితో ఒక తల్లి, అందరూ బుద్ధిగా కూర్చున్నారు. బడి నిలబడాలని వీధి వీధంతా ఇంట్లో ఉన్న పిల్లలందరినీ తుడిచి పంపించింది.

ఆఫీసరు రిజిస్టరు ఒకసారి, పిల్లలను ఒకసారి చూసినాడు. తక్కువ ఉంటారని వచ్చానండీ, ఎక్కువ ఉన్నారే, వీళ్ళను ఎక్కడి నుంచి అరువు తెప్పించారు అన్నాడు. గొంతు పెంచలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. తనిఖీ పూట అరువు పిల్లలను చూపించి లెక్క నిలబెట్టుకునే బడులను ఆయన చాలా చూసి ఉంటాడు. అట్లాంటి అయ్యవారికి ఆ రోజుల్లో సస్పెన్షన్ రాసేవాళ్ళు. అయ్యవారు నా దిక్కు ఒకసారి చూసి, పిలిపించింది నేనే సార్ అన్నారు. తప్పు నాది, నేనే చేసినానని చెప్పడానికి నోరు తెరిచేలోపు, కిటికీ అవతల బీడీల చేట పట్టుకుని నిలబడిన పెద్దమ్మ అందుకుంది.

"అరువు పిల్లోళ్ళంటావేంది సార్, నా బిడ్డను నేను యాడ అరువు తెచ్చినా? రిజిస్టరులో లేకుంటే రాసుకోండి. ఈ పొద్దు వచ్చింది రేపు రాదా?"

ఆఫీసరు పిల్ల పుట్టిన తేదీ చెప్పమన్నాడు. ఏరు పెద్దగా వచ్చిన యేడు సార్, ఏరు ఏ తేదీన వచ్చిందో మీ ఆఫీసులో రాసుకోలేదా అనింది. ఆయన మీసాల్లో నవ్వు కనబడింది. సరే, ఉండదలిచిన వాళ్ళందరి పేర్లూ రాయండి, నేను ఒక రోజు చెప్పకుండా వస్తాను, ఆ రోజు ఒక్కరు తగ్గినా బడి ఉండదు, మీరూ ఉండరు అని చెప్పి జీపెక్కినాడు.

సాయంత్రం అయ్యవారు అడ్మిషన్ రిజిస్టరు నా ముందు పెట్టి, నువ్వు తెచ్చిన పిల్లలు, పేర్లు నువ్వే రాయి అన్నారు. నాకు రాదని ఆయనకు తెలుసు. ముందు పలక మీద రాయించి, తర్వాత నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి రిజిస్టరులో రాయించినారు. మొదటి పేరు బీడీల పెద్దమ్మ కూతురిది, మూడక్షరాలు. రోజుకు రెండు పేర్లు చొప్పున రాస్తా పోయినాము. అందరూ అ ఆ లతో మొదలుపెడితే నేను పిల్లల మొగాలతో మొదలుపెట్టినాను. ఈ రోజుకీ కొన్ని అక్షరాలు రాస్తుంటే ఆ పిల్లలే కళ్ళ ముందు కనబడతారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు గనుక అందరికీ జూలై ఒకటే రాసినాము. అందుకే మా వీధిలో ముసలోళ్ళంతా ఒకే రోజు పుట్టినారు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గుమ్మం గుమ్మానికీ తిరిగేవాణ్ణి. రేపు రాప్పా అనే ఇండ్లకు రేపు కూడా పోయేవాణ్ణి. ఇక కాదనలేక పంపించేవాళ్ళు. వీధి పెద్దలు కూడా కూర్చుని, పడుగులు ఆదివారమే వేసుకుందామని మాట అనుకున్నారు. ఏ ఆఫీసూ రాయని జీవో అది.

ఆఫీసరు రెండు నెలలకు వచ్చినాడు. లెక్కబెట్టినాడు. ఒక్కరు తక్కువ. ఆ ఒక్కరూ ఆ మూడక్షరాల పిల్లే. జ్వరం సార్ అన్నాను. ఇల్లు చూపించమన్నాడు. పిల్ల బొంత కప్పుకుని పడుకొని ఉంది, పలక మాత్రం పక్కనే పెట్టుకుని ఉంది. నీ పేరు రాయమ్మా అంటే పడుకునే రాసింది, నాకంటే బాగా. ఆయన ఆ పలక తీసుకుని చూసి, మళ్ళీ పిల్ల పక్కనే పెట్టినాడు. బడి నిలిచింది. తర్వాత రెండో అయ్యవారు వచ్చినారు, ఆ మీదట పెంకులు కూడా మారినాయి. ఆయన ఏమి రాసినాడో, ఏ ఆఫీసుకు రాసినాడో నాకు తెలియదు.

మా అయ్యవారికి కొన్నేళ్ళకు పులివెందులకు బదిలీ అయింది. నా జీవితంలో మొదటి ఉత్తరం ఆయనకే రాసినాను. వారం తిరక్కుండానే ఆ కార్డు, తప్పులకు ఎర్ర సిరాతో గీతలు పెట్టి, కవరులో తిరిగి వచ్చింది. వెనక ఒకే ఒక వాక్యం, ఇంకోటి రాయి అని. ఆయన ఉన్నంత కాలం రాస్తానే ఉన్నాను, ఆయన దిద్దుతానే ఉన్నారు. ఈ నాలుగు మాటలు రాయగలిగినానంటే అది ఆయన పెట్టిన భిక్ష, ఆ కిటికీ దగ్గర నోరు తెరిచిన పెద్దమ్మ పెట్టిన భిక్ష, పడుగును ఆదివారానికి జరుపుకున్న వీధి పెట్టిన భిక్ష. నేను కోపిష్టివాణ్ణే గానీ ఇది మరిచిపోయేంత కృతఘ్నుణ్ణి కాదు.

మీటింగు అయిన మర్నాడు పొద్దున్నే పాత అలవాటు కొద్దీ కాళ్ళు ఆ మూడక్షరాల పిల్ల గుమ్మానికి నడిపించినాయి. ఆమె ఇప్పుడు అవ్వ, కొడుకు కువైట్లో ఉన్నాడు, ఇంటి ముందు ప్రైవేటు బడి పసుపు రంగు బస్సు ఆగి ఉంది. ఏంది మామా ఇంత పొద్దున్నే అనింది. మన బడి సంగతి చెప్పినాను. ఆమె బస్సెక్కుతున్న చిన్న మనవరాలిని చూసి, మన బడికే పంపాలని నాకు మాత్రం ఉండదా మామా, కోడలు ఇనాల కదా, రేపొకసారి రా అనింది.

రేపు పోతాను. ఎల్లుండి కూడా పోతాను. అప్పటి మా బడికి పైకప్పు కారినా పిల్లలున్నారు, వాళ్ళ వెనక ఒక వీధి ఉండింది. ఈ బడికి అన్నీ వచ్చినాయి, వీధి ఒక్కటే లేచిపోయింది, ఆరిన పడుగును చుట్టి తీసుకుపోయినట్టు. నేను చేసిన అప్పటి తప్పు మళ్ళీ ఎవరైనా చేస్తే బాగుండుననిపిస్తుంది. ఎవరి పిల్లలో చెప్పకుండా వీధి వీధంతా అరిచి పోతే, ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో చూడాలని ఉంది.