ఎడమ కాలికి పని

టేకులపల్లి దాటాక అడవిలో, ఎత్తు ఎక్కే రోడ్డు పక్కన చిన్న మైసమ్మ గుడి ఉంది. డ్రైవర్లంతా అక్కడ బండి ఆపి దండం పెడతారు. మా బస్సూ ఆగింది. మళ్లీ కదులుతుంటే, పక్క సీటులోని ఆవిడ ఎడమ కాలు క్లచ్ వదులుతున్నట్టు మెల్లగా పైకి లేచింది.

"బండి నడుపుతారా?" అని అడిగాను.

"అవ్, పాత డీజిల్ జీపు. గీ ఎత్తు మీద ఎనక్కి జారకుండ లేపుడే డ్రైవింగంటే. స్పీడు ఎవలైనా కొడ్తరు."

"నేను పాత కారు ఇచ్చేసి ఆటోమేటిక్ తీసుకుంటున్నా. ఎత్తు మీద అదే ఆపుకుంటుందట."

"ఆపుకుంటది సరే. మరి మీ కాలుకేం పని సారూ?"

చాదస్తం అనుకున్నాను.

ఇప్పుడు నా కారు అక్కడ అంగుళం కూడా జారదు. దండం పెట్టుకుని బయల్దేరిన ప్రతిసారీ నా ఎడమ కాలు మాత్రం లేని క్లచ్‌ని వెతుక్కుంటుంది.