మూడు బండల దూరం

మా అక్క లాండ్రీలో ముప్పై ఏళ్ళు ఇస్త్రీ చేసింది. పెట్టె పట్టుకునీ పట్టుకునీ కుడి అరచెయ్యి కాయలు కాసింది, ఎప్పుడు చూసినా వెచ్చగా ఉండేది. ఒంట్లో నలతగా ఉంటే ఆ చెయ్యి నుదుటి మీద వేయించుకోడానికి ఇంట్లో పోటీ. అందరికంటే ముందు మా బావ. "మీ అక్క చెయ్యి పడితే మాత్రలెందుకు మరదలా" అనేవాడు.

బావ బస్సుల మెకానిక్కు. చేతిలో పనుంది, మనసులో మంచితనముంది, సాయంత్రమైతే సీసా కూడా ఉండేది. ఉద్యోగం ఊడే పరిస్థితి వచ్చాక ఆసుపత్రిలో చేర్పించాం. అక్కడి వైద్యమే వేరు. వాంతులయ్యే ఇంజెక్షన్ ఇచ్చి, కడుపులో తిప్పడం మొదలవగానే గ్లాసులో బ్రాందీ పోసి వాసన చూపించి, గుక్కెడు తాగిస్తారు. రోజూ అంతే, పన్నెండు రోజులు. ఆ తర్వాత ఇంజెక్షన్ లేకపోయినా సీసా చూస్తే చాలు, ఒళ్ళే వద్దంటుందట.

తోడొచ్చినవాళ్ళు గదిలో ఉండకూడదంది నర్సు. నాకు ఒళ్ళు మండింది. నా నోరు ఊరుకుంటుందా? మొగుడు పేగులు తెగేలా కక్కుకుంటుంటే పెళ్ళాం బయట బెంచీ మీద కూర్చోవాలా అని వార్డంతా వినబడేలా కడిగేశాను. ఆవిడ విసిగిపోయి, సరే అక్కని లోపలికి పొమ్మంది. పన్నెండు రోజులూ అక్క ఎడం చేత్తో బేసిను పట్టుకుని, కుడిచెయ్యి ఆయన నుదుటికి ఆనించి కూర్చుంది. నేను గెలిచానని సంబరపడ్డాను. ఏడ్చినట్టుంది నా గెలుపు.

ఇంటికొచ్చాక బావ సీసా ముట్టలేదు. ఆ వారంలోనే తలనొప్పిగా ఉందంటే అక్క నుదుటి మీద చెయ్యి వేసింది. అంతే, డోకొచ్చి పెరట్లోకి పరిగెత్తాడు. మర్నాడూ అదే. కొన్నాళ్ళకి ఆవిడ పక్కన కూర్చున్నా తిప్పేది. మనసు రమ్మంటోంది, కడుపు పొమ్మంటోంది అని నా దగ్గర ఏడ్చాడు.

డాక్టరు తల పట్టుకున్నాడు. బ్రాందీతో పాటు ఆ చెయ్యి కూడా ఒంటికి వాంతిని గుర్తుచేస్తోందన్నాడు. అది పోవాలంటే వికారం రానంత దూరంలో అక్క రోజూ అరగంట కూర్చోవాలి. వారం ప్రశాంతంగా గడిస్తే కాస్త దగ్గరికి జరగాలి. తొందరపడి ముట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుందని గట్టిగా చెప్పాడు.

ముందుగదిలో నేల మీద గోడ నుంచి గోడకి పద్నాలుగు బండలు. అటు బావ మంచం, ఇటు అక్క కుర్చీ. వారానికో బండ. కుర్చీ కాళ్ళ దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకునేది. పెళ్ళైన కొత్తలో కూడా మనం ఇంత సిగ్గుపడలేదని బావ నవ్వించేవాడు. సగం దారిలో డోకొచ్చి, రెండుసార్లు కుర్చీ వెనక్కి జరిగింది. అక్క విసుక్కోలేదు, మళ్ళీ ముందుకు జరిపింది.

ఇక మూడు బండలే ఉన్నాయనగా, బావ లివర్ పూర్తిగా చెడిపోయిందని తెలిసింది. తాగుడు మానడమే ఆలస్యమైంది. మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం జ్వరంలో అక్క వైపు చెయ్యి చాచాడు.

"వాంతైతే అవనీవే. ఒక్కసారి చెయ్యి వెయ్యి."

అక్క కుర్చీని గట్టిగా పట్టుకుంది. "మూడు వారాలేనండీ. ఇంత దూరం వచ్చి చెడగొట్టుకోవద్దు."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. తడిగుడ్డ నేనే వేశాను. గుడ్డ ఇంకాస్త పిండమని అక్క అక్కడి నుంచే చెప్పింది. వెళ్ళి చెయ్యి వెయ్యవే అని నేననాల్సింది. నోరు చేసుకోవాల్సిన ఆ ఒక్కరోజే నోరు మూసుకుని కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున బావ పోయాడు. అక్క లేచి, ఆ మూడు బండలూ దాటి, మంచం మీద కూర్చుంది. కుడిచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టింది. ఎడం చెయ్యి అలవాటుకొద్దీ మంచం కింద బేసిను కోసం తడిమింది. చాలాసేపు ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత నా వైపు తిరిగి, "చూడవే, ఏం కాలేదు" అంది.