హన్మవ్వ పెద్దమ్మ అలకలు

మా హన్మవ్వ పెద్దమ్మకు ఏ పెండ్లికి వెళ్లినా సరిగ్గా అన్నాల వేళకే కోపం వస్తుంది. బరాత్‌లో నవ్వుతుంది, తలంబ్రాల దగ్గర పాట అందుకుంటుంది. వంటల మూతలు తీశారో లేదో, కొంగు దులిపి లేస్తుంది.

దోమకొండలో తనకు బొట్టు వంకరగా పెట్టారు. బీబీపేటలో తాను కళ్లు మూసుకున్నప్పుడే ఫొటో తీశారు. మాచారెడ్డిలో అయితే పెండ్లికొడుకు తనను చూసి నవ్వాడట.

"నవ్వితే తప్పేందే అక్కా?" అంది మా అమ్మ.

"ఎందుకు నవ్విండో ఆయన్నే అడుగు. నేనీడ మంచినీళ్లు గూడ ముట్ట!"

అంటూ మనవరాలు నిహారిక చెయ్యి పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కేసింది. "ఆమె పోతేనే ముద్ద దిగుతది" అనుకున్నారు చుట్టాలు.

నిహారికకు మూర్ఛ. మందు మీద మందు మార్చినా ఫిట్స్ ఆగలేదు. నడుస్తూ నడుస్తూ పడిపోయేది. ముందు పళ్లు అలాగే విరిగాయి. చివరికి హైదరాబాద్ డాక్టర్లు తిండినే మందుగా రాశారు. అన్నం, రొట్టె, చక్కెర బందు. వెన్న, నెయ్యి, గుడ్డు మాత్రమే తినాలి, అవి కూడా తూకం వేసి పెట్టాలి. ఆ కొత్తలో ఒక పెండ్లిలో ఎవరో ముద్దుచేస్తూ జిలేబీ తినిపించారు. ఆ సాయంత్రమే పిల్ల అందరి మధ్యా పడిపోయింది. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టారు, ఒకరు ఫోన్‌లో వీడియో తీశారు. తెలివి వచ్చాక పిల్ల తడిసిన గౌనును చేతులతో కప్పుకోవాలని చూసింది.

కామారెడ్డి ఫంక్షన్ హాల్లో మా చెల్లె ప్రమోద పెండ్లి. వడ్డన మొదలవగానే పెద్దమ్మ లేచింది.

"నాకు కుంటి కుర్చీ ఏస్తరా!"

ఈసారి నాకు మండింది. వెంటే పరుగెత్తాను. హాలు వెనక, జనరేటర్ పక్కన చాప పరుచుకుని కూర్చున్నారు. నిహారిక డబ్బాలోంచి నేతిలో తేలే గుడ్డు తింటోంది. పెద్దమ్మ కూడా అదే తింటోంది, ఆముదం తాగినట్టు మొహం పెట్టి.

"కుర్చీకి గూడ అలుగుతవా పెద్దమ్మా?"

ఆమె నన్ను పక్కకు లాగింది.

"బంతిల కూసుంటే, పిల్ల ఎందుకు తింటలేదని అడుగుతరు బిడ్డా. రోగం పేరు చెప్పాలె. ఇంట్ల ఇడిచి వద్దామంటే దానికి బాజాలంటే పానం. నేను అలిగితే అందరు నన్నే తిట్టుకుంటరు. దాని దిక్కు ఎవ్వరు చూడరు."

నిహారిక వైపు చూశాను.

"ఫిట్స్ తగ్గినయా?"

"జర తగ్గినయి. మొన్న మళ్ల వచ్చింది. ఎట్లయితదో డాక్టర్లే చెప్తలేరు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇగ నువ్వు పో. బతిమాలినా ఇన్లేదని చెప్పు. జర గట్టిగ చెప్పు!"

లోపలికి వెళ్లాను. అందరూ నా వైపే చూశారు.

"ఏమన్నదిరా?" అంది అమ్మ.

"కాళ్లు మొక్కినా కరగలేదమ్మా. ఎంత పొగరు!"

అందరూ ఆమెను తిట్టుకుంటూ హాయిగా బంతిలో కూర్చున్నారు. నిహారిక ఏదని ఒక్కరూ అడగలేదు.