కిస్‌మిస్ తిన్న దోమలు

ఆ రోజుల్లో దోమ అంటే నాకు చంపాల్సిన జీవి కాదు, కడుపు నింపాల్సిన బాధ్యత. ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఈ మధ్య ఆఫ్రికాలో పసిపిల్లలకి మలేరియా టీకా వేస్తున్నారనీ, రెండు రకాల మందులు పట్టించిన కొత్త దోమతెరలు వచ్చాయనీ, దోమ జన్యువుల్నే మార్చి అది మలేరియాని మోయకుండా చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయనీ ఏదో ఒక వార్త వస్తూనే ఉంది. చుట్టాలు వాటన్నిటినీ నా ఫోనుకి పంపిస్తారు, అందులో సగం నేనే కనిపెట్టినట్టు. నేను కనిపెట్టిందేమీ లేదు. ఏడేళ్ళ కిందట జువాలజీ ఎమ్మెస్సీ పూర్తయిన కొత్తలో, నూజివీడులో ఒక అద్దె గదిలో దోమల్ని పెంచాను, అంతే.

అది ఒక పరిశోధన ప్రాజెక్టులో ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం. మా పెద్దసారు తక్కువ మాట్లాడే మనిషి. ఏం చెప్పినా "ఎందుకు?" అని ఒక్క మాట అడిగి ఊరుకునేవారు, ఆ తర్వాత పది నిమిషాలు మనమే మాట్లాడాలి. మా పని మలేరియా దోమల మీద మందు పనిచేస్తోందో లేదో చూడటం. మందు పూసిన కాగితం చుట్టిన ప్లాస్టిక్ గొట్టంలో ఆడ దోమల్ని ఒక గంట ఉంచి, తర్వాత మామూలు గొట్టంలోకి మార్చి, ఒక రోజు గడిచాక ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. ఆ దోమలు బయట ఎగిరేవాటిని పట్టుకొచ్చినవి కాకూడదు. నీళ్ళలో పురుగులుగా ఉన్నప్పుడే తెచ్చి, మనమే పెంచి, ఈడు చూసి పరీక్షకి పెట్టాలి. నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. "ఈలోగా ఒక్క పరీక్ష నువ్వు సొంతంగా చేసి చూపించమ్మా, పొడిగించమని రాస్తాను" అన్నారు సారు. ఇంటి దగ్గర మా నాన్న అప్పటికే బీఎడ్ అప్లికేషన్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. కాబట్టి ఆ దోమలు పుట్టి, పెరిగి, పద్ధతిగా చావడం మీదే నా భవిష్యత్తు ఆధారపడి ఉంది.

రెడ్డిగూడెంలో ఒక మామిడితోట ఆయన్ని (నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని) అంతకుముందు ఒకసారి కలిశాను. మర్యాద తెలిసినదాన్ని కదా, ముందురోజు ఫోన్ చేసి, "మీ తోటలో నీళ్ళ తొట్లు చూడ్డానికి వస్తానండీ" అని చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మొదటి తప్పు అదే. పూత నిలిచి పిందె పడే రోజులవి. మర్నాడు వెళ్ళేసరికి పశువుల తొట్టి, మోటారు దగ్గర తొట్టి, పనివాళ్ళు కాళ్ళు కడుక్కునే తొట్టి, అన్నీ రుద్ది కడిగి, సున్నం కొట్టి, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. వాటిలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున నా మొహం ఏడుపు మొహంగా స్పష్టంగా కనిపించింది.

"ఎలా ఉన్నాయండీ మేడంగారూ? తెల్లారుజామున లేచి నలుగురం కడిగాం" అన్నారాయన.

"చాలా బాగున్నాయి బాబాయిగారూ. కానీ నాకు పురుగులు కావాలి."

ఆయన నా వంక, తొట్టి వంక, మళ్ళీ నా వంక చూశారు. "దోమలోళ్ళు ఎప్పుడొచ్చినా నీళ్ళు పారబోయమనే కదండీ చెప్తారు. మీరొస్తుంటే తొట్లో పురుగులుంచుతామా, ఎంత తప్పండీ" అన్నారు. అప్పటికి ముద్దపప్పూ ఆవకాయతో భోజనం కూడా సిద్ధం చేయించారు. రెండో ముద్ద కలపకుండా కూర్చున్న నన్ను చూసి ఆయనకి జాలేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి, గొంతు తగ్గించి, "ఒక్క తొట్టి మాత్రం కడగలేదమ్మా. మీకు చూపించేటట్టు ఉండదు" అన్నారు. మేడంగారు కాస్తా అమ్మా అయ్యేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

మోటారు షెడ్డు వెనక పాత సిమెంటు తొట్టి. మామిడి పూతని పీల్చేసే తేనెమంచు పురుగు మీద కొట్టే మందు అందులోనే కలుపుతారు, డబ్బాలూ గొట్టాలూ అందులోనే కడుగుతారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూశాను. మామూలు దోమ పురుగైతే నీళ్ళలో తలకిందులుగా వేలాడుతుంది. మలేరియా దోమ పురుగు నీటి మీద అడ్డంగా, మంచం మీద పడుకున్నట్టు పడుకుంటుంది. ఆ తొట్టి నిండా అలా పడుకున్నవే. నాకు ఎంత సంతోషం వేసిందంటే మోకాళ్ళు తడుస్తున్నా పట్టించుకోకుండా గరిటెతో ముంచి సీసాలు నింపేశాను. "మందు తొట్టి అని రాయకండమ్మా, కడగలేదని తెలిస్తే పరువు పోతుంది" అన్నారు బాబాయిగారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చీటీ మీద 'సిమెంటు తొట్టి' అని రాశాను. అబద్ధమేమీ కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. (మందు తొట్టి అని రాస్తే సారు ఈ నమూనా పనికిరాదంటారేమో అన్న భయం కూడా ఉంది. అది మాత్రం నాకు నేను చెప్పుకోలేదు.)

నా గది ఒక కిరాణా వ్యాపారస్తుల ఇంట్లో మేడ మీద. ఆ ఇంటి పిన్నిగారికి నేను పరిశోధన చేస్తున్నానని తెలుసు గానీ దేని మీదో తెలీదు. వాళ్ళ షాపులో మొదట కుక్క బిస్కెట్లు కొన్నాను, పొడి చేసి నీళ్ళలో పురుగులకి వేయడానికి. తర్వాత కిస్‌మిస్‌లు కొన్నాను, రెక్కలొచ్చిన వాటికి నానబెట్టి పెట్టడానికి. కుక్క లేకుండా కుక్క బిస్కెట్లూ, పండగ లేకుండా కిస్‌మిస్‌లూ కొనే అమ్మాయి మీద ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒక ఉదయం ఆవిడ తలుపు తోసుకుని వచ్చేసరికి నేను గుడ్డ పంజరంలోకి సన్న గొట్టం పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని, ఆడవాటిని వేరు చేయడానికి ఒక్కొక్క దోమనీ గొట్టంలోకి పీలుస్తున్నాను. మధ్యలో జాలీ ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. ఆ సంగతి ఆవిడకి తెలీదు. కిందకి వెళ్ళి వాళ్ళాయనతో, "లోకాన్ని దోమలు పీలుస్తుంటే మన మేడ మీద అమ్మాయి దోమల్ని పీలుస్తోందండీ" అని చెప్పారు. పది నిమిషాల్లో వీధంతా ఆ మాటే.

గది ఖాళీ చెయ్యమంటారని సంచి సర్దుకోబోతుంటే ఆవిడే మళ్ళీ పైకొచ్చారు. ఆవిడకి కోపం కన్నా కుతూహలం ఎక్కువగా ఉంది. పంజరం ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

"ఇవి కుట్టవా అమ్మాయ్?"

"ఆడవే కుడతాయి పిన్నిగారూ. మగవాటికి రక్తం అక్కర్లేదు, తీపి నీళ్ళుంటే చాలు."

"మా ఆయనా అంతే. షుగరున్నా డబ్బా మూత తీస్తూనే ఉంటారు" అన్నారు. ఆ వేళ నుంచి ఆవిడ నాకు అప్రకటిత అసిస్టెంటు. కిస్‌మిస్‌లు నల్లవి పెట్టాలా, పచ్చవి పెట్టాలా అని అడిగేవారు. శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి పొగ వేస్తూ, ఆ పొగకి దోమలు చస్తాయని నా గుమ్మం దగ్గర ఆగి, "ఈ వారానికి లక్ష్మీదేవి ఇక్కడి దాకే" అని వెనక్కి తిరిగారు. ఆ మాటకి నాకు నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

పరీక్ష రోజు సారు నా గదికి వచ్చారు. గొట్టానికి పాతిక చొప్పున దోమల్ని ఎక్కించాం. మందు తగిలితే చాలావరకు ఆ గంటలోనే కిందపడిపోవాలి. నావి పడలేదు. గొట్టం గోడకి తోక పైకెత్తి హాయిగా కూర్చున్నాయి. మర్నాడు చూసినా చచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. పుట్టించడం తప్ప చంపడం చేతకాని పరిశోధకురాలికి కాంట్రాక్టు ఎవరు పొడిగిస్తారు. బీఎడ్ అప్లికేషన్ కళ్ళముందు కదిలింది.

"ఎందుకు?" అన్నారు సారు.

"కిస్‌మిస్‌లు ఎక్కువ పెట్టానేమో సార్. బాగా బలిశాయి."

కాగితాలు పాతవేమో అన్నాను. కొత్తవేనని డబ్బా చూపించారు. గది చల్లగా ఉందేమో అన్నాను. గోడ మీద థర్మామీటరు వంక చూశారు. చెప్పడానికి ఇక ఆ ఒక్క కారణమే మిగిలింది. "సార్, అది మందు తొట్టి. తోటకి కొట్టే మందు అందులోనే కలుపుతారు. నేను రాయలేదు" అని తలదించుకున్నాను.

సారు నా చీటీ తీసి మరోసారి చదివారు. కోప్పడితే బాగుండునని నాకే అనిపించింది. "తోటకి కొట్టేదీ మన కాగితం మీదున్నదీ ఒకే జాతి మందులమ్మా. పురుగుకని కొట్టినదానికి దోమ కూడా అలవాటు పడుతోందేమో. ఒక్క తొట్టితో ఏదీ తేలదు గానీ, అడగాల్సిన ప్రశ్న దొరికింది. దాన్నే నువ్వు చీటీ మీద లేకుండా చేశావు" అన్నారు. ఆ చివరి మాట నన్ను చెంపదెబ్బ కన్నా గట్టిగా తాకింది. తర్వాత పొడిగించమని రాశారు, చుట్టుపక్కల తోటల్లో ముప్పై తొట్లు చూడాలని కూడా రాశారు. ముందు మాత్రం రెడ్డిగూడెం వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు రాయడానికి బాబాయిగారి అనుమతి అడగమన్నారు.

వెళ్ళి అంతా చెప్పాను. పరువు పోయిందంటారనుకున్నాను. బాబాయిగారు అరుగు మీద కూర్చుని శ్రద్ధగా విన్నారు. "రాసుకోండమ్మా. తేనెమంచు పురుగు కూడా చావట్లేదని మూడేళ్ళుగా నేను మొత్తుకుంటుంటే షాపాయన డోసు పెంచమంటాడు. మీ దోమలైనా నా మాట నిజమన్నాయి" అన్నారు. తర్వాత, "మరి నన్నేం కొట్టమంటారు? పురుగు చావాలి, పిల్లలకి మలేరియా రాకూడదు. అలాంటి మందేదో చెప్పండి" అని అడిగారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. చేతిలో ఇంకో ఆరు నెలల కాంట్రాక్టు ఉంది. ఏమాత్రం తడుముకోకుండా, "ఆరు నెలల్లో చెప్తాను బాబాయిగారూ" అన్నాను.

ఆ అమ్మాయి ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఏ ప్రశ్నకైనా 'ఇంకా పరిశీలించాలి' అనడం నేర్చుకుని చాలా కాలమైంది నాకు. చుట్టాలు పంపిన వార్తలన్నీ ఒక్కటి వదలకుండా చదువుతాను. టీకా గురించి చదివినా, కొత్త దోమతెర గురించి చదివినా, నేను వెతికేది మాత్రం రెడ్డిగూడెంలో చెప్పాల్సిన ఆ జవాబు కోసమే. కొంచెం కొంచెంగా వస్తోంది గానీ పూర్తిగా రాలేదు. ఏటా మామిడిపళ్ళ బుట్ట పంపించి ఆయన ఫోన్ చేస్తారు. పళ్ళు అందాయా అని అడిగి, ఇంట్లో అందరి క్షేమం కనుక్కుని, పెట్టేసే ముందు ఎంతో మర్యాదగా అడుగుతారు.

"ఆరు నెలలు అయ్యాయా అమ్మా?"

"ఇంకొంచెం ఉన్నాయి బాబాయిగారూ" అంటాను.