పెదాలా? నాలుకా?

మా తాత దర్జీ. గుండుసూదులు పెదాల మధ్య బిగించి బట్టలు కుట్టేవాడు. మౌత్ ఆర్గాన్ కూడా అంతే, పెదాలు సున్నాలా చుట్టి స్వరాన్ని కిందికి జార్చి వంచేవాడు. అమ్మమ్మేమో నాలుకతో పక్క రంధ్రాలు మూసి వంచేది. ఏది మేలని రోజూ కీచులాటే, ఒక్కరూ తగ్గి చావరు.

ఓసారి తాతకు మూతి వంకరపోయింది. పెదాల మధ్య సూదులు నిలవలేదు, స్వరమూ వంగలేదు. మౌత్ ఆర్గాన్‌ని సొరుగులో పడేశాడు.

"నాతో పోట్లాడే నాలుక చెక్కుచెదరలేదుగా!" అంటూ అమ్మమ్మ దాన్ని తీసి, జారిన పెదవి మూలను తన వేలితో అదిమిపట్టింది. తాత సణుగుతూనే నాలుకతో వాయించాడు. స్వరం వంగింది.

"సరేలే, నువ్వే గెలిచావు."

మర్నాడు చూస్తే అమ్మమ్మ వంటింట్లో మౌత్ ఆర్గాన్ మీద పెదాలు చుట్టి అవస్థపడుతోంది.

"గెలిచావుగా, మళ్ళీ ఇదేంటి?" అన్నాను.

"ఆయన పెదాలతో వంచితే ఆ స్వరం ఇలా ఉండేది కాదే. అది మళ్ళీ వినాలి," అంది.